పన్నెండు అంగుళాల సందు

మెదక్‌లో కుట్టు మిషన్లు అమ్మి, బాగుచేసే దుకాణంలో ఇరవై ఆరేళ్ళు పనిచేసి, ఏడాదిన్నర కిందట మానేశాను. అప్పటికి నా వయసు యాభై రెండు. ఇంత తొందరగా ఎందుకని అడిగిన వాళ్ళకు కళ్ళు ఆనడం లేదని చెప్పాను. సూది బెజ్జం కనబడని మనిషి మిషన్ల దగ్గర ఏం చేస్తాడని వాళ్ళూ ఊరుకున్నారు. నా కళ్ళు బాగానే ఉన్నాయి.

కొత్తగా ఈ పనిలోకి వచ్చిన మీలో కొందరు, ఇంట్లో బొంతలు కుట్టుకోవడానికి మిషనూ ఫ్రేమూ ఎలా ఎంచాలో రాసిపెట్టమని అడిగారు. రాస్తాను. కానీ నేను ఎంచిన వాటిలో ఒకదాని సంగతి దాచిపెట్టి రాస్తే సగం లెక్కే చూపించినట్టవుతుంది.

నేను చదివింది ఏడో తరగతి. లెక్కలు ఎవరూ నేర్పలేదు. మిషన్ల డబ్బాల్లో వచ్చే పుస్తకాల చివర కొలతల పట్టికలు ఉండేవి. గిరాకీ లేని మధ్యాహ్నాలు వాటిని ముందేసుకుని అంగుళాలను మిల్లీమీటర్లు చేయడం, మిల్లీమీటర్లను అంగుళాలు చేయడం నేర్చుకున్నాను. నిమిషానికి ఎన్ని కుట్లు పడితే ఎంత బట్ట ఎంతసేపట్లో పూర్తవుతుందో, ఏ మోటారు ఎంత మందం లాగుతుందో కాగితం లేకుండా చెప్పేవాడిని. కొనడానికి ఎవరొచ్చినా మా ఓనర్ నా వైపు చెయ్యి చూపేవాడు. "ఆయన్నడుగుండ్రి. ఆయన నోట్లనే టేపుంది" అనేవాడు. ఆ మాట విన్న ప్రతిసారీ నా వీపు కొంచెం నిటారుగా అయ్యేది.

ఒక గర్వం ఇంకొక గర్వాన్ని తెచ్చింది. కొనేవాళ్ళ ఇంటికి పోయి చూడకుండానే, వాళ్ళు చెప్పిన కొలతల మీద బల్ల ఎక్కడ పట్టేదీ, వెలుతురు ఎటునుంచి పడేదీ గీసి ఇచ్చేవాడిని. చాలాసార్లు సరిపోయింది. చాలాసార్లు సరిపోవడమే నాకు చేటు చేసింది.

ఒక ఎండాకాలం పొద్దున, దుకాణం తెరిచి ఊడ్చీ ఊడ్వకముందే ఒకామె వచ్చింది. నలభై దాటి ఉంటుంది. బురఖా మీద సన్నని దుమ్ము, చంకలో మడత పెట్టిన బొంత. దాన్ని కౌంటర్ మీద విప్పి పరిచింది.

"గిసొంటిది కుట్టే మిషన్ గావాలె భాయ్. ఇంట్ల పెట్టుకునేది. ఎవలనడిగినా మిమ్మల్నే అడగమన్నరు."

పాత చీరలు ఐదు పొరలు, మధ్యలో పలచగా దూది. చేత్తో వేసిన వరసలు. అలవాటుగా అంగుళానికి ఎన్ని కుట్లున్నాయో లెక్కపెట్టాను. ఐదు. ఇంకోచోట లెక్కపెట్టాను. అక్కడా ఐదే.

"ఇంత మంచిగ చేత్తోని కుడుతుండ్రు, మిషనెందుకు ఆపా?"

"చేత్తోని ఒక్కదానికి పన్నెండు రోజులు. పన్నెండు రోజులకొక బొంతతోని ఇద్దరం తినాలె, ఆయన మందులు తేవాలె. ఎట్ల?"

ఆయన అంటే ఆమె భర్త. ముప్పై ఏళ్ళు దూది ఏకాడు. సైకిల్ మీద దూది కొట్టే కమాను కట్టుకుని ఎల్దుర్తి, టేక్మాల్ దాకా తిరిగి, ఇళ్ళ ముందు కూర్చుని పరుపులూ రజాయిలూ చేసి ఇచ్చాడు. ఆ దూది నూగంతా ఛాతీలో చేరింది. పడుకుంటే ఊపిరాడదు. రాత్రీ పగలూ దిండ్లకు ఒరిగి కూర్చునే ఉంటాడు. ఆమె ఊరి బయట బట్టలు కుట్టే షెడ్డులో పనికి పోయేది. పని నుంచి వచ్చేసరికి ఆయన నేల మీద పడిపోయి, పెదవులు నల్లబడి ఉండడం రెండుసార్లు చూసింది.

"రెండుసార్లు బతికిండు. మూడోసారి నేను ఇంట్ల ఉండాలె భాయ్" అంది.

ఆమెకు కావలసింది మిషన్ కాదు, ఇంట్లో ఉండగలిగే పని. నాకు అది అర్థమైంది. అర్థమైన సంగతిని మాత్రం నా లెక్కలో ఎక్కడా వేయలేదు.

హైదరాబాద్‌లో ఒక దుకాణం వాళ్ళు ఆమె బొంత చూసి, నెలనెలా తీసుకుంటామన్నారు. అయితే డబుల్ మంచానికి సరిపోయే పెద్దవే కావాలన్నారు. ఏడున్నర అడుగుల వెడల్పు.

ఎంపిక దగ్గరికి వస్తున్నాను, ఇది వినండి. మామూలు ఇంటి మిషన్ చేయి కింద ఖాళీ ఏడు అంగుళాలు. పెద్ద బొంతను చుడితే దిండంత అవుతుంది, అది ఆ ఖాళీలో దూరదు. పొడుగు చేయి ఉన్న మిషన్ బల్ల మీద బిగిస్తే దూరుతుంది కానీ, తడి బట్టల మూటంత బరువును రోజంతా రెండు చేతులతో తోస్తూ ఉండాలి. ఆమెకు అప్పటికే కుడి భుజం నొప్పి. మూడోది ఫ్రేమ్. రెండు రోలర్ల మధ్య బొంత బిగుతుగా పరిచి ఉంటుంది. అది కదలదు. మిషనే చిన్న చక్రాల మీద పట్టాల వెంట తిరుగుతుంది. నిలబడి హ్యాండిల్ పట్టుకుంటే చాలు. నేను మూడోది చెప్పాను. ఆ మాట ఇప్పటికీ తప్పని అనుకోను.

ఏడున్నర అడుగుల బొంతకు అటూ ఇటూ కలిపి రెండున్నర అడుగులు ఎక్కువ ఉండాలి. పది అడుగుల ఫ్రేమ్.

"మీ గది ఎంతుంటది ఆపా?"

"ముందటి అర్ర ఎనిమిది మూరల వెడల్పు, ఆరు మూరల లోతు. రెండుసార్లు కొలిచిన."

మూర అంటే పద్దెనిమిది అంగుళాలు. ఎనిమిది పద్దెనిమిదులు నూట నలభై నాలుగు. పన్నెండు అడుగులు. అందులో పది తీస్తే రెండు. ఆమె చేయి చాపి మోచేతి నుంచి వేలి కొస దాకా చూపిస్తూనే ఉంది. నేను కాగితం వైపు చూస్తున్నాను.

"గోడకు, ఫ్రేముకు నడుమ రెండడుగుల తొవ్వ ఉంటది. మస్తు" అన్నాను.

ఆ ఇంటి అమరిక కూడా చెప్పాలి. వీధి తలుపు ముందు గదిలోకి తెరుచుకుంటుంది. ఎదురుగోడకు లోపలి గది తలుపు. లోపలి గదిలోనే ఆయన మంచం. దాని వెనుక వంటకు ఇంత చోటు, మరుగుదొడ్డి, తర్వాత పక్కింటి గోడ. పెరటి తలుపు లేదు. రెండు గోడలకూ తలుపులు ఉన్నాయి కాబట్టి ఫ్రేమ్ గోడకు ఆనించే వీలు లేదు, ముందు గది మధ్యలో అడ్డంగా నిలవాలి. లోపలికి పోవాలన్నా బయటికి రావాలన్నా దాని కొసన మిగిలిన ఆ సందే దారి. ఇదంతా ఆమె చెబితే నేను గీశాను. గీత చక్కగా వచ్చింది.

"ఒక్కసారి పోయి సూసి రారాదు?" అన్నాడు ఓనర్.

"ఎందుకు? లెక్క తేలింది గద" అన్నాను.

మిషన్ తల హైదరాబాద్ నుంచి పాతది తెప్పించాం. ఫ్రేమ్ రామాయంపేటలో ఒక వెల్డర్ దగ్గర చేయించాను. పని వచ్చిన మనిషి, నోరు ఆగని మనిషి. నా కాగితం చూసి తల గోక్కున్నాడు.

"లెక్కల సారూ, అంగుళం ఎక్కువైతే?"

"ఎక్కువ గాదు."

"తక్కువైతే?"

"తక్కువ గాదు."

"మరి నేనెందుకు, గీ కాయిదం మీదనే కుట్టుమనకపోయినవ్ ఆ బొంతలు?"

ఫ్రేమ్ ఊగకుండా కింద అడ్డపట్టీలు వేయించాను. రెండు కొసల్లో ఎనిమిది బోల్టులు. వాటి తలలు లోపలికి దిగి ఉంటాయి, ఆరు పలకల చాబితోనే తిరుగుతాయి, మామూలు పానా పట్టదు. ఆ చాబి ఇంట్లో ఇవ్వకూడదన్నది నేను పెట్టిన నియమం. ఇస్తే ఊడ్వడానికో, దావత్‌కో ఫ్రేమ్ విప్పి పక్కన పెడతారు, మళ్ళీ బిగించేటప్పుడు పట్టాలు వెంట్రుకంత వంకర పోతాయి, సూదులు విరుగుతాయి, మిషన్ మంచిది కాదని తిరిగి మన మీదికే వస్తారు. అందుకే దుకాణంలో చెక్క పలకకు మేకులు కొట్టి, ఏ ఇంటి చాబి ఆ మేకుకు తగిలించేవాడిని. అప్పటికి ఇరవై చాబీలు ఉండేవి. ఆమెది ఇరవై ఒకటి.

బిగించే రోజు ట్రాలీ ఆటోలో అన్నీ వేసుకుని వెల్డరూ నేనూ వెళ్ళాం. చివరి కాలు నిలబెట్టాక ఫ్రేముకూ గోడకూ మధ్య చూశాను. టేపు పెట్టాను. పన్నెండు అంగుళాలు. తీసి మళ్ళీ పెట్టాను. పన్నెండే.

"ఆపా, మూర ఎట్ల కొలిచిండ్రో జర చూపియ్యండ్రి."

ఆమె చేయి చాపింది. మోచేతి నుంచి వేలి కొసకు టేపు పరిచాను. పదహారున్నర. ఎనిమిది పదహారున్నరలు నూట ముప్పై రెండు. పదకొండు అడుగులు. సరిగ్గా ఒక అడుగు పోయింది.

ఆ క్షణంలో నాకు ముందు కలిగింది భయం కాదు. తేడా ఎక్కడ వచ్చిందో దొరికిందన్న తృప్తి. నా గుణకారం తప్పలేదు, మూర తప్పింది అనుకున్నాను. ఒక ఆడమనిషి చేయి నా చేయంత ఉండదన్నది చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి.

"కోద్దామా సారూ? గ్రైండర్ తెచ్చిన. అడుగు కోస్తే అరగంట పని" అన్నాడు వెల్డర్.

కోస్తే ఫ్రేమ్ తొమ్మిది అడుగులవుతుంది. దాని మీద ఆరున్నర అడుగుల బొంతే వస్తుంది. హైదరాబాద్ వాళ్ళు అడిగింది ఏడున్నర. ఆ మాట ఆమెకు చెప్పాను. ఆమె ఫ్రేమ్ వైపు, సందు వైపు, నా వైపు చూసింది. నేను పక్కకు తిరిగి, పొట్ట లోపలికి పీల్చి ఆ సందులోంచి లోపలికి పోయాను. మళ్ళీ బయటికి వచ్చాను.

"పోవచ్చు. సరిపోతది" అన్నాను.

లోపలి నుంచి ఆమె భర్త నవ్వు వినిపించింది. ఆ నవ్వు సగంలో దగ్గుగా మారింది.

"ఏందే, నాకు ఇనుప దర్వాజ పెట్టిస్తున్నవా? ఎటన్న పోతనని భయమా?"

"ఎటు పోతవ్, చాయ్ తాగు" అని ఆమె కప్పు పట్టుకుని సందులోంచి పక్కకు జరుగుతూ లోపలికి పోయింది. చాయ్ తొణకలేదు. నా మనసులో ఉన్న ఆ కాస్త అనుమానాన్ని ఆ చాయ్ తీసేసింది. వెల్డర్‌తో గ్రైండర్ ఆటోలో పెట్టమన్నాను. చాబి నా జేబులో వేసుకున్నాను.

ఏడు నెలలు బాగా గడిచాయి. పన్నెండు రోజుల పని రోజున్నరకు వచ్చింది. ఆయన మంచం పక్కన స్టీలు గ్లాసూ చెంచా పెట్టింది. మిషన్ చప్పుడులో దగ్గు వినబడదు కాబట్టి, ఊపిరి పట్టేసినప్పుడు చెంచాతో గ్లాసు మీద కొట్టాలి. కొట్టగానే ఆమె మిషన్ ఆపి లోపలికి వెళ్ళేది. మందు పీల్చే పంపు నోట్లో పెట్టి వీపు రాసేది. ఒక్కోసారి ఊరికే కొట్టేవాడట.

నూనె వేసి, దారం బిగువు చూసేందుకు నెలకోసారి వెళ్ళేవాడిని. పని అయ్యాక సందులోంచి లోపలికి పోయి ఆయన దగ్గర కాసేపు కూర్చునేవాడిని.

"నా కమాను టంగుటంగుమంటే నాలుగు వాడలకు తెలుస్తుండె నేనొచ్చిన్నని. నీ మిషనేంది సాబ్, పిల్లి లెక్క గురుగురుమంటది" అనేవాడు.

"పిల్లి మంచిగ తిండి పెడుతుంది గద భాయ్."

"పెడుతుంది. గది ఒప్పుకోవాలె." నా నడుము వైపు చూసేవాడు. "నీకు గూడ మస్తు పెడుతుండ్రు ఇంట్ల. వచ్చే నెల ఆ సందుల ఇరుక్కుంటవ్ చూడు. ఇద్దరం గిక్కడ్నే ఉండాలె."

అందరం నవ్వేవాళ్ళం.

చలికాలంలో ఒక రోజు. పదకొండు గంటలా ఇరవై మూడు నిమిషాలకు నా ఫోన్ మోగింది. టైము ఫోన్‌లో ఉంది కాబట్టి ఇంత కచ్చితంగా చెబుతున్నాను. నేను ఊరికి అటు కొసన ఒకరింట్లో మిషన్ విప్పి కూర్చున్నాను.

"భాయ్, ఆయనకు ఊపిరి ఆడ్తలేదు. పంపు పన్జేస్తలేదు. దవాఖాన బండి వచ్చింది, స్ట్రెచర్ లోపలికి వస్తలేదు. చాబి తేండ్రి, జల్ది."

ఆమె వెనుక ఎవరో మగమనిషి గొంతు: "ఇరగ్గొట్టి తీద్దామా అమ్మా? అడుగు ఆయన్ను."

నేను అన్న మాట అక్షరం పోకుండా గుర్తుంది. "ఏం ముట్టకుండ్రి. పది నిమిషాల్ల వస్త. విప్పుడు రెండు నిమిషాల పని."

పది నిమిషాలు నేను గాలిలోంచి తీసిన అంకె కాదు. దుకాణానికి నాలుగు నిమిషాలు, అక్కడి నుంచి ఆ ఇంటికి ఆరు. దుకాణం షట్టర్ దించి ఉంటుందని, ఓనర్ తాళాలు జేబులో వేసుకుని ఎదురు గల్లీలో చాయ్‌కి పోయి ఉంటాడని లెక్కలో వేయలేదు. ఆయన్ను వెతకడానికి ఐదు నిమిషాలు. అంగడి రోజు కాబట్టి రోడ్డు మీద జనం, నాలుగు. మొత్తం పందొమ్మిది.

ఆ పందొమ్మిది నిమిషాల్లో అక్కడ జరిగింది తర్వాత పక్కింటాయన చెప్పాడు. బండి వెంట వచ్చిన మనిషి చిన్న ఆక్సిజన్ సిలిండర్ పట్టుకుని సందులోంచి లోపలికి పోయాడు. ముక్కుకు గొట్టం పెట్టాడు. సిలిండర్ ఆ సందులో పట్టింది. లేచి నిలబడలేని, కూర్చున్న మనిషి పట్టలేదు. కింద నుంచి లాగుదామంటే అడ్డపట్టీలు. పక్కింటాయన గొడ్డలి తెచ్చి నిలబడ్డాడు. ఆమె వద్దంది. "భాయ్ పది నిమిషాలన్నడు. ఆయన చెప్పిండంటే చెప్పినట్టే" అందట.

పదిహేనో నిమిషంలో డ్రైవర్ ఇక ఆగేది లేదన్నాడు. మిషన్ తలను ఒక కొసకు నెట్టి, లోపల ఇద్దరు, బయట ఇద్దరు నిలబడి, ఆయన్ను ఎత్తి ఫ్రేమ్ మీద కూర్చోబెట్టి, సగం కుట్టిన బొంత మీదుగా ఇటు లాగారు. నాలుగు నిమిషాలు పట్టింది.

నేను గల్లీలోకి తిరిగేసరికి బండి వెనుక తలుపులు తెరిచి ఉన్నాయి. ఆయన్ను ఎక్కిస్తున్నారు. బొంత నుంచి తెగిన దారాలు ఆయన అంగీకి అంటుకుని ఉన్నాయి. నేను చాబి చేతిలో పట్టుకుని దారికి అడ్డంగా నిలబడ్డాను.

"జరుగు పెద్దమనిషీ, జరుగు!" అని డ్రైవర్ భుజం పట్టి నన్ను గోడకు నెట్టాడు. ఆమె నా ముందు నుంచే బండి ఎక్కింది. నన్ను చూడలేదు.

దవాఖానకు చేరేసరికి ప్రాణం ఉంది. గంట తర్వాత పోయింది.

ఆమె బంధువులు ఒక్కొక్కరే వస్తున్నారు. నేను దవాఖాన వరండాలో నిలబడి, ఆయన్ను చూసిన డాక్టర్ బయటికి రాగానే అడిగాను.

"సార్, పదిహేను నిమిషాలు ముందుగాల తెస్తే?"

డాక్టర్ వయసులో నాకంటే చాలా చిన్న. నన్ను ఇంటి మనిషే అనుకున్నట్టున్నాడు, మెల్లగా మాట్లాడాడు. "చెప్పలేం. గంట ముందు తెచ్చినా పోయినోళ్ళున్నరు. ఆలస్యంగ తెచ్చినా బతికినోళ్ళున్నరు. గట్ల లెక్క ఉండదు."

"కొంచమన్న? సగానికి సగమన్న?"

ఆయన నా ముఖం చూసి, "పోయి కూసోండ్రి, నీళ్ళు తాగుండ్రి" అని వెళ్ళిపోయాడు.

పొద్దు గుంకకముందే ఆయన్ను ఇంటికి తెచ్చారు. స్నానం చేయించాలి, కఫన్ బట్ట చుట్టాలి, జనాజా లేపాలి. దానికి ముందు గది కావాలి. పెద్దాయన ఒకరు గుమ్మంలో నిలబడి ఫ్రేమ్ చూసి, "గీ ఇనుమంత తీయాలె. ఎవలన్న ఉన్నరా తీసెటోళ్ళు?" అన్నాడు.

నేను ముందుకు వెళ్ళాను. ఎనిమిది బోల్టులు విప్పాను. రెండు నిమిషాల పనని ఫోన్‌లో చెప్పాను. నాలుగు నిమిషాలు పట్టింది. పైపులు గోడ వెంట పేర్చాను. రోలర్ మీద మిగిలిన బొంతను చుట్టి ఎక్కడ పెట్టాలో తెలియక చాలాసేపు చేతుల్లోనే పట్టుకున్నాను. చివరికి ఎవరో తీసుకున్నారు.

ఓనర్ నాతో, "నీ తప్పేంది? కొలత ఇచ్చింది ఆమెనే గద" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. కొన్నాళ్ళు నేనూ ఆ మాట లోపల తిప్పుకున్నాను. కానీ మూర తప్పు బిగించిన రోజే తేలిపోయింది. ఆ తర్వాత ఏడు నెలలు అక్కడ నిలబడి ఉన్నది ఆమె మూర కాదు, నా "సరిపోతది" అన్న మాట. ఆ రోజు ఫోన్‌లో ఇరగ్గొట్టండి అని ఉంటే నాలుగో నిమిషానికి ఆయన బయట ఉండేవాడు. ఒక పైపు వంగితే వెల్డర్ చక్కచేసేవాడు. నాకు ఆ ఫోన్‌లో కనబడింది మనిషి కాదు, వంగిన పైపు.

ఒక రోజు పలక మీద చాబీలన్నీ తీసి, ఇల్లిల్లూ తిరిగి ఎవరిది వాళ్ళకు ఇచ్చి వచ్చాను. "పిచ్చిలేసిందా? ఇగ వారానికొకరు వంకర పోయిందని వస్తరు" అన్నాడు ఓనర్. వచ్చారు కూడా. వెళ్ళి చక్కచేసి వచ్చాను.

నలభై రోజులు దాటాక ఆమె దగ్గర నుంచి ఫోన్ వచ్చింది. ఫ్రేమ్ మళ్ళీ బిగించాలి, వెల్డర్‌ను కూడా తీసుకురమ్మంది. మిషన్ వెనక్కి తీసుకుని డబ్బు మొత్తం ఇచ్చేద్దామని ఓనర్‌ను ఒప్పించి వెళ్ళాను. ఆమె కుర్చీ వేసి, చాయ్ తెచ్చి, ఆ మాట చెప్పనిచ్చింది. విని తల అడ్డంగా ఊపింది.

"మిషన్ ఇచ్చేసి ఏం తినాలె? మళ్ల ఆ షెడ్డుకు పోవాల్నా? అది ఏం చేసింది భాయ్, అది కుడుతుంది." నా ఎదురుగా కూర్చుంది. "ఒక్కటడుగుత, నిజం చెప్పుండ్రి. బిగించిన నాడు ఆ సందు సూసినప్పుడు, తక్కువైందని మీకు తెలుసునా తెల్వదా?"

వెల్డర్ చాయ్ కప్పు దించాడు.

"తెలుసు ఆపా" అన్నాను.

ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేదని అప్పుడు అనిపించింది.

"నాక్కూడ తెలుసు" అంది. "రోజుకు ఇరవై సార్లు పక్కకు తిరిగి పోయిన అండ్లకెల్లి. ఒక్కనాడన్న అనుకోలేదా, గీ మనిషిని ఎట్ల తీస్తమని? అనుకున్న. పెద్ద బొంతలు పోతయని ఊకున్న."

ఆమె లేచి, గోడ వెంట ఉన్న పైపుల దగ్గరికి వెళ్ళింది.

"అడుగు కొయ్యండ్రి. చిన్నయే కుడత. వాళ్ళు తీసుకోకుంటే వేరెవరన్న తీసుకుంటరు."

వెల్డర్ గ్రైండర్ తీయలేదు. వాడిది చెడ్డ మనసు కాదు, నోరే ఆగదు. "అమ్మా, ఇప్పుడు కోసుడెందుకు? పెద్దయి కుట్టుకుంటే నాలుగు పైసలొస్తయి గద. లోపల ఇంక ఎవరున్నరని?"

"నేనున్న గద" అంది ఆమె.

వాడు తల దించుకుని గ్రైండర్ వైరు విప్పడం మొదలుపెట్టాడు. నేను టేపు తీసి ఒక కొస ఆమెకు ఇచ్చాను. గది వెడల్పు కొలిచాం. నేను అంకె చదివాను. ఆమె ఇటు వచ్చి, వంగి, తానూ చదివింది. ఫ్రేమ్ పైపు కొలిచాం. అదీ ఇద్దరం చదివాం. తర్వాత సుద్దముక్క ఆమె చేతికే ఇచ్చాను. ఎక్కడ కోయాలో ఆమే గీసింది. ఒక అడుగు కాదు. అడుగున్నర.